పాత్రల జాబితాలో లేని హంతకుడు

1969 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికకు ఒక కవరు వచ్చింది. లోపల 340 గుర్తులు. కొన్ని మామూలు అక్షరాలు, కొన్ని తిరగేసినవి, మధ్యమధ్య సున్నాలూ త్రికోణాలూ. పంపినవాడు తనకు తానే జోడియాక్ అని పేరు పెట్టుకున్న హంతకుడు. ఉత్తర కాలిఫోర్నియాలో 1968, 69 సంవత్సరాల్లో ఐదుగురిని చంపాడని పోలీసుల లెక్క. ఆ గుర్తుల ముడి ఎఫ్‌బీఐకీ లొంగలేదు, సైన్యంలోని సంకేత నిపుణులకూ లొంగలేదు. 51 ఏళ్ల తర్వాత, 2020 డిసెంబరులో దాన్ని విప్పింది అమెరికాలో డేవిడ్ ఒరాన్‌చాక్ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్, ఆస్ట్రేలియాలో శామ్ బ్లేక్ అనే గణితజ్ఞుడు, బెల్జియంలో గోదాములో పనిచేస్తూ ప్రోగ్రాములు రాసుకునే యార్ల్ వాన్ ఐక్. ముగ్గురికీ అది జీతమొచ్చే పని కాదు. గుర్తులను ఏ వరసలో చదవాలన్నదానికి దాదాపు ఆరున్నర లక్షల పద్ధతులు కంప్యూటర్‌తో ప్రయత్నించి చూశారు. జవాబు సరైనదేనని ఎఫ్‌బీఐ ఒప్పుకుంది.

తీరా చదివితే అందులో ఉన్నది బడాయి. గ్యాస్ చాంబరంటే తనకు భయం లేదని రాసుకున్నాడు. పేరు మాత్రం లేదు.

జోడియాక్ ఫలానావాడేనని తేల్చేశామంటూ పుస్తకాలు అచ్చువేసినవాళ్లు, టీవీల్లో కూర్చున్నవాళ్లు ఇప్పటికి ఎంతోమంది. ఒకరు చెప్పిన మనిషి ఇంకొకరికి ఆనడు. సొంత తండ్రే హంతకుడని రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వాడుకున్నదీ ఆ ఉత్తరాలూ ఆ ఫొటోలే, ఆ ముగ్గురి దగ్గర ఉన్నదీ అవే. తేడా వేసుకున్న ప్రశ్నలో ఉంది. ఈ గుర్తులు ఏం చెబుతున్నాయన్న ప్రశ్నకు వచ్చిన జవాబును ఎవరైనా పెన్ను తీసుకుని సరిచూసుకోవచ్చు. చంపిందెవరు అన్న ప్రశ్నకు ఇంట్లో కూర్చుని సరిచూసుకునే దారి లేదు. ఇంటర్నెట్ డిటెక్టివ్‌ల దాదాపు మూడు దశాబ్దాల చరిత్రను ఈ రెండు ప్రశ్నల మధ్య పెట్టి చూస్తే, వాళ్లు ఎక్కడ గెలిచారో, ఎక్కడ జనాన్ని ముంచారో చాలావరకు అర్థమవుతుంది.

ఈ సరదా ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ నిజం కేసుల్లోనూ వేలు పెట్టాడు. పశువులను రాత్రిపూట కోసేశాడన్న నేరం మీద 1903లో జైలుకెళ్లిన జార్జ్ ఎడాల్జీ అనే యువ లాయరు కోసం పట్టుబట్టి రాశాడు. ఎడాల్జీ తండ్రి బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ, ఇంగ్లండులో చర్చి ఫాదరీ. కుర్రాడి చూపు ఎంత మందమంటే, చీకట్లో పొలాలకు అడ్డంపడి అంత దూరం నడవడం అతనివల్ల అయ్యే పని కాదని డాయల్ వాదన. 1907లో ఎడాల్జీకి క్షమాభిక్ష దొరికింది. అదే ఏడాది ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడడానికి కారణమైన కేసుల్లో ఇదొకటి. ఆ కథలో సాధారణంగా ఎవరూ ఎత్తని ముక్క ఒకటుంది: అసలు దోషి ఎవరో కూడా డాయల్ చెప్పబోయాడు, అది నిలబడలేదు. నిర్దోషిని విడిపించేందుకు పనికొచ్చిన బుర్రే దోషిని చూపించబోయేసరికి తడబడింది.

మనకూ ఈ రుచి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ, మధుబాబు షాడోనీ అద్దెకు తెచ్చుకుని, రేపు తిరిగివ్వాలి కాబట్టి రాత్రికి రాత్రే ముగించిన తరం ఇంకా ఉంది. మంచి డిటెక్టివ్ నవలకు ఒక నియమం ఉంటుంది. హంతకుడు ముందే పాఠకుడి కంట పడి ఉండాలి. వంటవాడో, మేనల్లుడో, ఫ్యామిలీ డాక్టరో, పదో పేజీలో నమస్కారం పెట్టి వెళ్లినవాడో. చివరి అధ్యాయంలో ఎవరో ఊరూపేరూ లేనివాణ్ని తెచ్చి ఇతనే హంతకుడంటే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ నియమాన్నే నిజం హత్యకు తగిలిస్తే? మన కంటపడ్డవాళ్లలోనే హంతకుడున్నాడని మొదలుపెడతాం. కంటపడ్డవాళ్లంటే హతురాలి స్నేహితులు, ఇరుగుపొరుగు, చివరిసారి మాట్లాడినవాళ్లు, సీసీటీవీలో నడుస్తూ కనిపించినవాళ్లు. వాళ్ల తప్పల్లా కెమెరాలో పడటమే.

2022 నవంబరు 13 తెల్లవారుజామున అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని మాస్కో పట్నంలో నలుగురు యూనివర్సిటీ విద్యార్థులను అద్దె ఇంట్లోనే కత్తితో పొడిచి చంపారు. ఏడు వారాలు ఎవరూ అరెస్టు కాలేదు. ఆ ఏడు వారాల్లో ఇంటర్నెట్ ఎంతమందిని దోషులను చేసిందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒక అమ్మాయి మాజీ స్నేహితుడు. ఆ రాత్రి ఫుడ్ ట్రక్ దగ్గర వాళ్ల వెనక నిలబడ్డ కుర్రాడు. కారులో ఇంటి దగ్గర దించిన మనిషి. టీవీవాళ్లతో మాట్లాడిన పక్కింటాయన. దాడి జరిగినా బతికి బయటపడ్డ ఇద్దరు రూమ్‌మేట్లు. వీళ్లు కాదు మొర్రో అని పోలీసులు ఒక్కొక్కరి గురించీ ప్రకటనలివ్వాల్సి వచ్చింది. టెక్సస్‌లో టారో కార్డులు చూసి జోస్యం చెప్పే ఒకావిడైతే ఆ యూనివర్సిటీ చరిత్ర ప్రొఫెసరే ఈ హత్యలు చేయించిందని వరసపెట్టి వీడియోలు వదిలింది. ఆ ప్రొఫెసర్‌కు చనిపోయిన పిల్లలతో పరిచయమే లేదు. పరువునష్టం దావా వేసింది. అవి అబద్ధాలేనని, పరువు తీసేవేనని 2024లో ఫెడరల్ జడ్జి తేల్చారు.

డిసెంబరు 30న అరెస్టయింది పక్క రాష్ట్రపు యూనివర్సిటీలో, విచిత్రంగా, నేరశాస్త్రంలోనే పీహెచ్‌డీ చేస్తున్న బ్రయన్ కోబర్గర్. కత్తి ఒర మీద దొరికిన డీఎన్‌ఏ, తెల్ల ఎలాంట్రా కారు, సెల్‌ఫోన్ సిగ్నళ్లు కలిపి పోలీసులు అతన్ని చేరారు. 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు, నాలుగు యావజ్జీవాలు పడ్డాయి. వేలమంది తిప్పితిప్పి మాట్లాడిన పేర్లలో ఆ పేరు లేదు. ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే వాళ్ల నవలలో అతనసలు పాత్రే కాదు.

ఇది ఒక్క కేసు గతి కాదు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక రెడ్డిట్‌లో కూర్చుని వేల ఫొటోలు జల్లెడ పట్టారు. వీపున బ్యాగున్న ప్రతివాడూ అనుమానితుడే. అప్పటికి నెల రోజులుగా కనిపించకుండాపోయిన భారత సంతతి విద్యార్థి ఒకతను ఉన్నాడు. కొడుకు జాడ కోసం తల్లిదండ్రులు పెట్టుకున్న పేజీ మీద పడి రాత్రంతా దుమ్మెత్తిపోశారు. కొద్దిరోజులకు అతని శవం ప్రావిడెన్స్‌లో ఒక నదిలో దొరికింది. బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడ్డిట్ క్షమాపణ చెప్పింది. ఏప్రిల్ 18న ఎఫ్‌బీఐ అసలు అనుమానితుల ఫొటోలు బయటపెట్టడానికి కారణాల్లో ఒకటి, ఈలోగా జనం వేరేవాళ్ల మీద పడకుండా ఆపడమని అప్పట్లో పత్రికలు రాశాయి. అంటే సాయం చేస్తామని వచ్చినవాళ్ల ధాటికి దర్యాప్తు ఎత్తుగడే మారింది.

కొలరాడోలో 1996 డిసెంబరులో ఆరేళ్ల జాన్‌బెనే రామ్సీ హత్య జరిగింది. ఇంటర్నెట్ డిటెక్టివ్‌ల తొలి పెద్ద కేసు అదే. ఇప్పటికీ తేలలేదు. మూడు దశాబ్దాలుగా ఆ కుటుంబంలో ఒక్కొక్కరూ వంతులవారీగా దోషులయ్యారు. 2006లో ఒకతను తానే చంపానని బ్యాంకాక్‌లో ఒప్పేసుకుంటే డీఎన్‌ఏ కలవలేదు. హత్య జరిగేనాటికి తొమ్మిదేళ్లవాడైన అన్న మీదికి 2016లో ఒక టీవీ కార్యక్రమం వేలు చూపింది. అతను కోర్టుకెక్కాడు, 2019లో రాజీ కుదిరింది. ఇంతకుమించి ఈ కేసు మీద చెప్పడానికేమీ లేదు. ఉన్న ఆధారాలకన్నా పుట్టిన సిద్ధాంతాలు ఎక్కువ.

ఇక గెలుపుల వైపు. 1968 మేలో కెంటకీలో ఒక బావుల మేస్త్రీకి గుడారం గుడ్డలో చుట్టిన యువతి శవం కనబడింది. ఎవరో తెలియలేదు, ‘టెంట్ గర్ల్’ అని రాయి వేసి పాతిపెట్టారు. ఆ మేస్త్రీ కూతుర్ని పెళ్లాడిన టాడ్ మాథ్యూస్, టెనెస్సీలో ఫ్యాక్టరీ కార్మికుడు. మామగారు చెప్పిన ఆ కథ అతన్ని పట్టి వదల్లేదు. పని దిగాక రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని దేశంలో తప్పిపోయినవాళ్ల వివరాలు చదివేవాడు. 1998లో, 1967 చివర్లో లెక్సింగ్టన్‌లో కనబడకుండాపోయిన అక్క కోసం ఒకావిడ పెట్టుకున్న ప్రకటన కంటపడింది. శవాన్ని తవ్వితీసి డీఎన్‌ఏ పోల్చారు. కలిసింది. పోలీసులు ఆ శవానికి పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు రాసుకున్నారు. నిజానికి ఆమెకు ఇరవై నాలుగు, పెళ్లయిన తల్లి. ముప్పై ఏళ్లు ఆ ఒక్క అంకె దారి మూసేసింది. చంపిందెవరో ఏ కోర్టులోనూ తేలలేదు. మాథ్యూస్ వెళ్లింది ఆ ప్రశ్న జోలికి కాదు.

అతనూ అతనిలాంటివాళ్లూ కలిసి నడిపిన డో నెట్‌వర్క్ ఈ రకం పనికి ఒరవడి పెట్టింది. ఒకవైపు గుర్తు తెలియని శవాలు, మరోవైపు తప్పిపోయినవాళ్లు. పళ్లు, మచ్చలు, ఎత్తు, ఉంగరం మీది అక్షరాలు పట్టుకుని జత కలపడం. అమెరికాలో ఏటా సుమారు 4,400 గుర్తు తెలియని శవాలు దొరుకుతాయని, అందులో దాదాపు వెయ్యి ఏడాది గడిచినా పేరు లేకుండానే మిగులుతాయని అక్కడి ప్రభుత్వ అంచనా. విసుగు పుట్టించే పని. వీడియోకు పనికిరాదు. జత తప్పు పడితే డీఎన్‌ఏ పరీక్షలో తేలిపోతుంది, ఎవరి జీవితమూ వీధిన పడదు. అనుమానం పడేది చనిపోయినవాళ్ల పేరు మీద, బతికున్నవాళ్ల మెడ మీద కాదు. మొత్తం ఈ రంగంలో నాకు సందేహం లేకుండా గౌరవం కలిగేది ఈ పని మీదే.

గోల్డెన్ స్టేట్ కిల్లర్ కేసును ఔత్సాహికుల విజయమని చాలామంది చెబుతారు. సగం నిజం. 1970ల్లో, 80ల్లో కాలిఫోర్నియాలో 13 హత్యలు, దాదాపు యాభై అత్యాచారాలు చేసినవాడతను. ఉత్తరాన ఒక పేరుతో, దక్షిణాన ఇంకో పేరుతో వేర్వేరు మనుషులుగా పోలీసులు వెతికారు. ఇద్దరూ ఒకడేనని 2001లో డీఎన్‌ఏ చెప్పింది. రచయిత్రి మిషెల్ మెక్‌నమారా పిల్లను నిద్రపుచ్చి రాత్రిళ్లు ఈ కేసు మీద కూర్చునేది. పాత కాగితాలు, టెలిఫోన్ డైరెక్టరీలు, దొంగిలించిన కఫ్ లింకుల వివరాలు, ఏదీ వదల్లేదు. పుస్తకం పూర్తికాకుండానే 2016లో కన్నుమూసింది. మిగిలినవాళ్లు పూర్తిచేసిన ఆ పుస్తకం 2018 ఫిబ్రవరిలో వచ్చింది, ఏప్రిల్ 24న జోసెఫ్ డిఆంజెలో అరెస్టయ్యాడు. వయసు 72, ఒకప్పుడు పోలీసు. ఆ పుస్తకం వల్ల కేసు జనం నోళ్లలో నిలిచిందని, అరెస్టుకు దారితీసిన సమాచారం మాత్రం అందులో లేదని షెరీఫ్ తేల్చి చెప్పాడు.

దారితీసింది ఇంకో రకం ఔత్సాహికులు. తమ పూర్వీకులెవరో తెలుసుకునే సరదాతో లక్షలమంది తమ డీఎన్‌ఏ వివరాలు జెడ్‌మ్యాచ్ అనే సైటులో పెట్టుకున్నారు. పరిశోధకుడు పాల్ హోల్స్, రిటైరైన పేటెంటు లాయరు బార్బరా రే-వెంటర్ కలిసి నేరస్థలంలో దొరికిన డీఎన్‌ఏను అందులో వేశారు. దూరపు చుట్టాలు తగిలారు. అక్కడినుంచి ముత్తాతల ముత్తాతల దాకా వంశవృక్షం గీసి, మళ్లీ కొమ్మకొమ్మా దిగుతూ వచ్చారు. ఇంటిపేరు చెప్పగానే మీ మేనత్తను ఫలానా ఊరివాళ్లకిచ్చారు కదా అని వరస కలిపేసే మన పెళ్లిళ్ల పేరయ్యల విద్యే, డీఎన్‌ఏ తోడుగా. చివరికి కారు తలుపు పిడి మీద, చెత్తబుట్టలో పారేసిన టిష్యూ మీద దొరికిన డీఎన్‌ఏతో సరిపోల్చారు. నలభై ఏళ్లలో డిఆంజెలో పేరు పోలీసుల అనుమానితుల్లో లేదు, ఔత్సాహికుల అనుమానితుల్లోనూ లేదు.

ఈ పద్ధతి ఎంత పదునైనదో అంత ప్రశ్నార్థకం కూడా. నేను నా తాత ఊరు వెతుక్కుందామని లాలాజలం పంపితే నా పెదనాన్న మనవడి చేతికి బేడీలు పడవచ్చు. వాడి అనుమతి ఎవరడిగారు? 2019లో జెడ్‌మ్యాచ్ నియమం మార్చింది: ఇష్టమని చెప్పినవాళ్ల వివరాలే పోలీసులకు. మన దేశంలో జనం స్వచ్ఛందంగా పెట్టుకున్న అలాంటి భారీ భాండాగారం లేదు. డీఎన్‌ఏ వినియోగాన్ని నియంత్రించే బిల్లును కూడా కేంద్రం 2023లో వెనక్కి తీసుకుంది.

పాడ్‌కాస్టుల సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే వాటిలో మంచివి ఊహ మీద కాక కాళ్లరిగిన పని మీద నిలబడ్డాయి. మిసిసిపీలో ఒకే నేరానికి ఆరుసార్లు విచారణ ఎదుర్కొన్న కర్టిస్ ఫ్లవర్స్ కేసును ‘ఇన్ ద డార్క్’ బృందం ఏళ్లతరబడి తవ్వింది. నల్లవాళ్లను జ్యూరీ నుంచి ఎలా ఏరేశారో కోర్టు రికార్డులు తెచ్చి లెక్కగట్టింది. 2019లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. ఆస్ట్రేలియాలో ‘టీచర్స్ పెట్’ తర్వాత, 1982లో భార్యను చంపిన నేరానికి క్రిస్ డాసన్‌కు 2022లో శిక్ష పడింది. అయితే ఆ పాడ్‌కాస్టు రేపిన రగడ వల్లే విచారణ ఆలస్యమైంది, ఇంకొంచెం శ్రుతిమించితే కేసే కూలిపోయేదన్న భయం కోర్టులో వినిపించింది. నేరం రుజువయ్యే దారిని కూడా అత్యుత్సాహం మూసేయగలదు.

మన దగ్గరికొద్దాం. 2008 మేలో నోయిడాలో ఆరుషి అనే బాలిక హత్య. మొదటి రోజు హంతకుడు ఇంట్లో పనిచేసే హేమరాజ్ అన్నారు, కారణం అతను కనబడకపోవడం. మర్నాడు అతని శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. ఆ డాబా తలుపు తాళం మొదటి రోజు ఎవరూ తీయించలేదు, ఇంటినిండా మాత్రం జనం తిరిగేశారు. తర్వాత తండ్రి, ఆ తర్వాత ముగ్గురు పనివాళ్లు, మళ్లీ తల్లిదండ్రులు. సీబీఐ 2010లో ఆధారాలు చాలవని మూసేద్దామంటే కోర్టు ఒప్పుకోలేదు. 2013లో తల్లిదండ్రులకు శిక్ష, 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులంది. టీవీ స్టూడియోలలో బొమ్మ ఇల్లు కట్టి చూపించడం అప్పుడు విపరీతమైంది, ఫోన్లొచ్చాక ఆ స్టూడియో ప్రతి జేబులోకీ వచ్చింది. 2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణాన్ని హత్యగా మార్చింది ఆ జేబు స్టూడియోలే. అది హత్య కాదని అదే ఏడాది ఎయిమ్స్ వైద్యులన్నారు, 2025లో సీబీఐ ముగింపు నివేదిక ఇచ్చింది. ఈ మధ్యలో అతని స్నేహితురాలైన నటి మంత్రగత్తె అనిపించుకుని, మాదకద్రవ్యాల కేసులో నెలపాటు జైల్లో ఉండి వచ్చింది. 2025లో కర్ణాటకలోని ధర్మస్థలలో ఏళ్లకిందట ఎన్నో శవాలు పూడ్చిపెట్టారన్న ఒకతని ఫిర్యాదు మీద యూట్యూబ్ ఊగిపోయింది, ప్రభుత్వం సిట్ వేసి తవ్వించింది, ఆగస్టులో ఫిర్యాదుదారుణ్నే అబద్ధపు సాక్ష్యం కింద అరెస్టు చేసింది. అయినా అక్కడ 2012లో ఒక విద్యార్థినిని ఎవరు చంపారన్న పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. గోల ఎక్కువయ్యేకొద్దీ ఆ ప్రశ్న వెనక్కిపోయింది.

ఇంత చెప్పి జనాన్నే తిడితే సగమే చెప్పినట్టు. జనం డిటెక్టివ్‌లవుతున్నారంటే ఠాణాల మీద నమ్మకం లేకనే. ఇండియానా రాష్ట్రంలోని డెల్ఫీలో 2017 ఫిబ్రవరిలో ఇద్దరు బాలికలను చంపారు. పోలీసులు విడుదల చేసిన ఊహాచిత్రాల పక్కన కంటబడ్డ ప్రతి మగవాడి ఫొటో పెట్టి అయిదేళ్లు పోల్చారు ఇంటర్నెట్ జనం. రిచర్డ్ అలెన్ అనేవాడు ఆ రోజు ఆ దారిలో ఉన్నానని హత్య జరిగిన కొద్దిరోజుల్లోనే తానే వచ్చి ఒక అధికారికి చెప్పుకున్నాడు. రాసుకున్నవాళ్లు అతని వీధి పేరును ఇంటిపేరుగా రాశారు, విచారణ అయిపోయినట్టు టిక్కు పెట్టారు. ఆ కాగితం పెట్టెలో పడి ఉంది. 2022లో ఫైళ్లు సర్దడానికి ఉచితంగా వచ్చి కూర్చున్న ఒక రిటైరైన ఉద్యోగిని దాన్ని చదివి, ఇతన్ని ఎవరూ పట్టించుకోలేదేమిటని అడిగింది. 2024 నవంబరులో జ్యూరీ అతన్ని దోషి అంది, 130 ఏళ్ల జైలు పడింది. ఆవిడా ఔత్సాహికురాలే. కాకపోతే ఆవిడ చేతిలో ఉన్నది కేసు ఫైలు.

తెలుగునాట ఈ విషయం ఎత్తితే 2007 డిసెంబరు 27న ఇబ్రహీంపట్నం హాస్టల్లో చంపేసిన ఫార్మసీ విద్యార్థిని కేసు గుర్తురాక మానదు. పేరు రాయడం లేదు, రాయనక్కర్లేదు కూడా. 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ని పట్టుకొచ్చి హంతకుడన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ అతను కాదని, అసలువాళ్లు వేరే ఉన్నారని వీధికెక్కి చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారమిమ్మంది, దర్యాప్తు చేసినవాళ్ల మీద చర్య తీసుకోమంది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. వెళ్లి చూస్తే విజయవాడ కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు నాశనమైపోయి ఉన్నాయి, దాని మీద కోర్టు సిబ్బందిపై ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ నమూనాలు తీశారు.

ఈ కేసు మీద ‘అసలు నిజం ఇదే’ అని థంబ్‌నెయిల్ పెట్టిన వీడియోలకు కొదవ లేదు. ఎర్ర బాణం గుర్తులూ, గుండ్రంగా చుట్టిన మొహాలూ, రాజకీయ కుటుంబాల పేర్లూ అన్నీ ఉంటాయి. నవల నియమమే: తెలిసిన పేర్లలోంచే ఒకటి ఏరుకోవాలి. పేద కుర్రాణ్ని పట్టుకొచ్చినప్పుడు పోలీసులు చేసిందీ అదే పని, ఏరుకోవడం. సాక్ష్యంగా ఉండాల్సిన వస్తువులు ఎవరి సంతకం మీద, ఏ తేదీన నాశనమయ్యాయి, అప్పటికి అప్పీలు ఏ దశలో ఉంది, అన్నవి రికార్డుల్లో దొరికే జవాబులు. హైకోర్టు తీర్పు కూడా ఎవరైనా తెచ్చుకుని చదవదగ్గదే. ఆ తీర్పును ముందు పెట్టుకుని, ఒక్కో సాక్ష్యం ఎందుకు నిలబడలేదో పేరాపేరాగా వివరించిన వీడియో మాత్రం నాకింకా తారసపడలేదు.